పరుగు తర్వాతి హుషారు పోయినప్పుడు

నా వయసు 64. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, నెహ్రూ నగర్‌లో మా ఆయనతో ఉంటున్నాను. రైల్వేలో స్పోర్ట్స్ కోటాలో చేరి, క్లర్కుగా పనిచేసి, 2021లో రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచీ పరుగెత్తాను. పరుగు అయ్యాక వచ్చే హుషారు ముందు పోయింది. దాని వెనకాలే గుండెపోటు వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలు మనసు పూర్తిగా కుంగిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ వయసుకి వస్తున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చదవాలని నా కోరిక.

మా తాత విజయనగరం వైపు మనిషి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఇక్కడికి వచ్చాడు. అప్పట్లో వాల్తేరు లైను కూడా ఆ కంపెనీదే. అందుకే ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. ఇక్కడి బారా ఖోలీలో షోలాపురి మాత పూజ జరిగే రోజుల్లో ఎటు చూసినా తెలుగే వినిపిస్తుంది. ఊరెళ్లాలంటే కోర్బా నుంచి విశాఖ వెళ్లే లింక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. మా నాన్న లోకోషెడ్‌లో ఫిట్టరు. రైల్వే స్కూలు మైదానంలో నేను పరుగు నేర్చుకున్నాను. నాది 800 మీటర్లు. 1982లో ఉద్యోగం వచ్చింది. అప్పటికి బిలాస్‌పూర్ ఆగ్నేయ రైల్వేలో ఒక డివిజన్ మాత్రమే. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ మొదలయ్యాక ఇదే హెడ్‌క్వార్టర్స్ అయింది. పోటీలు మానేశాక కూడా నేను పొద్దున్నే గ్రౌండుకి వెళ్లడం మానలేదు.

ఆ హుషారు ఎలా ఉండేదో ముందు చెప్పాలి. ఇంటికొచ్చి వరండా మెట్ల మీద కూర్చుని షూ లేసులు విప్పుతుంటే మొదలయ్యేది. చేతుల మీద చెమట ఆరి చల్లబడేది. తర్వాత ఛాతీ అంతా తేలికైపోయేది. ఎవరి మీదా కోపం ఉండేది కాదు. ఎదురింటి కుక్కరు కూత, కూరగాయల బండివాడి కేక, అన్నీ బాగుండేవి. చద్దన్నంలో పెరుగు పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తింటే మరే పూటా అంత రుచి ఉండేది కాదు. గంట, గంటన్నర అలా ఉండేది. కష్టమైన పనులన్నీ ఆ గంటలోనే చేసుకునేదాన్ని. బ్యాంకు ఫారాలు నింపడం, ఆడపడుచుతో పొలం సంగతి తేల్చడం, ఆఫీసులో గట్టిగా అడగాల్సింది అడగడం. మా పిల్లలకి కూడా ఇది తెలుసు. మార్కులు తక్కువొచ్చాయని చెప్పాలన్నా, డబ్బులు అడగాలన్నా "అమ్మని గ్రౌండు నుంచి రానీ" అని ఆగేవారు. మా అమ్మ పోయిన ఏడాది దాంతోనే గడిపాను. మా ఆయన నాగపూర్‌లో డ్యూటీ చేస్తుంటే నేనిక్కడ ఇద్దరు పిల్లలతో ఉన్న రోజులూ దాంతోనే గడిచాయి.

2021 వానాకాలంలో క్వార్టరు ఖాళీ చేసి నెహ్రూ నగర్ ఇంటికి వచ్చాం. రైల్వే గ్రౌండు దూరమైంది. కాలనీ రోడ్ల మీద, మంగళా చౌక్ వైపు పరుగెత్తేదాన్ని. చలికాలం వచ్చేసరికి ఆ గంట అరగంట అయింది. తర్వాత ఒకరోజు వచ్చేది, ఒకరోజు వచ్చేది కాదు. ఉద్యోగం లేదు, కొత్త చోటు, అందువల్ల అనుకున్నాను.

2022 వేసవికి పూర్తిగా పోయింది. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. తెల్లవారకముందే లేచి వెళ్లేదాన్ని. వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఏమీ ఉండేది కాదు. హుషారు బదులు నీరసం వచ్చేది. నిద్రపోయినా తీరని నీరసం. పగలు పది గంటలకే మంచమెక్కేదాన్ని. రాత్రి నిద్ర పట్టేది కాదు. మేడ మీద బట్టలు ఆరేసి దిగితే ఆయాసం. ఒకరోజు మా ఆయన అడిగారు: "ఏమే, పరుగెత్తి వచ్చి కూడా పలకవేంటి?" ఏం చెప్పాలో తెలియలేదు. కాలు నొప్పి అయితే చెప్పొచ్చు. పరుగయ్యాక సంతోషం రావట్లేదని ఎవరికి చెప్తాం? సిగ్గేసింది. తిని కూర్చున్న మనిషి గొంతెమ్మ కోరికలా ఉంటుందని ఎవరికీ చెప్పలేదు.

ఆ అక్టోబరులో ఒక క్లినిక్‌కి వెళ్లాను. నీరసం, ఆయాసం, నిద్రలేమి అని చెప్పాను. బీపీ, షుగరు చూశారు. బీపీ కొంచెం ఎక్కువుంది. ఈసీజీ తీయలేదు. "ఈ వయసులో పరుగెందుకమ్మా? నడవండి చాలు. వయసు వల్ల అలాగే ఉంటుంది" అన్నారు. బలానికి మాత్రలు రాశారు. ఇంటికొచ్చి ఆ మాటే మా ఆయనకి చెప్పాను. వయసు అన్నాక ఇక అడగడానికేం లేదనిపించింది.

2023 జనవరి. సంక్రాంతి వెళ్లిన వారం, సోమవారం పొద్దున. మంచి చలి. పరుగు మొదలుపెట్టిన కాసేపటికి ఎడమ దవడ లాగింది. పన్ను నొప్పి అనుకున్నాను. తర్వాత మెడ వెనక, రెండు భుజాల మధ్య బరువు. ఛాతీలో నొప్పి లేదు. అంత చలిలో ఒళ్లంతా చెమట పట్టింది. రోడ్డు పక్కన వాంతి అయింది. పాల దుకాణం అరుగు మీద కూలబడ్డాను. బట్టల్లోనే మూత్రం పోయింది. ఆ క్షణంలో నాకు చావు భయం కలగలేదు. ఎవరైనా చూస్తారేమోనన్న భయమే కలిగింది.

పాల దుకాణం కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. తను కప్పుకున్న శాలువా తీసి నా నడుముకి చుట్టాడు. ఏమీ అడగలేదు. నా ఫోన్ తీసుకుని మా ఆయనకి చేశాడు. 108కి చేశాడు. గిరాకీ వస్తున్నా దుకాణం వదిలేసి, అంబులెన్స్ వచ్చేదాకా నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

అంబులెన్స్‌లో ఆస్పిరిన్ నమలమన్నారు. ఆసుపత్రిలో ఈసీజీ చూడగానే అందరి నడక మారిపోయింది. గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ఎడమ ధమని దాదాపు మూసుకుపోయిందన్నారు. మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి స్టెంట్ వేశారు. నేను మెలకువగానే ఉన్నాను. అంగీకార పత్రం మీద మా ఆయన సంతకం వంకర పోయింది. ఆయన చెయ్యి వణకడం అంతకు ముందెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఎకో తీశారు. గుండె రక్తాన్ని నెట్టే శక్తి 42 శాతం ఉందన్నారు. మామూలుగా 55కి పైన ఉండాలి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి. అబ్బాయి హైదరాబాద్ నుంచి రాయపూర్‌కి విమానంలో వచ్చి అక్కడి నుంచి కారులో చేరాడు. అమ్మాయి విశాఖ నుంచి లింక్ ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ లేకుండా రాత్రంతా కూర్చుని వచ్చింది.

రెండో రాత్రి ఐసీయూలో భయం పట్టుకుంది. కళ్లు మూసుకుంటే గుండె ఆగిపోతుందని గట్టిగా అనిపించింది. రాత్రి డ్యూటీ నర్సుని పిలుస్తూనే ఉన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ప్రతిసారీ మానిటర్ చూసి అంకె పైకి చదివేది. "డెబ్బై నాలుగు, అమ్మా. నేనిక్కడే ఉన్నాను." ఆ అంకె విని కాసేపు కళ్లు మూసుకునేదాన్ని.

ఇంటికి వచ్చిన మొదటి వారం స్నానానికి కూడా మనిషి కావాలి. అమ్మాయి చేయించింది. నలుగురి ముందు పరుగెత్తిన ఒళ్లు ఇది. కూతురి ముందు స్టూలు మీద కూర్చుని చేతులెత్తమంటే ఎత్తడం నాకు చాలా కష్టమైంది. అమ్మాయి విశాఖ వెళ్లిపోయాక పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ వచ్చి తల దువ్వి జడ వేసేది. బాత్రూం గడియ పెట్టుకోవడానికి భయం. మా ఆయన తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవారు. రాత్రి మెలకువ వస్తే మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకునేదాన్ని.

ఫిబ్రవరిలో నడక మొదలైంది. ముందు గేటు దాకా. తర్వాత వీధి మలుపు దాకా. ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా మరో మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ వేసుకుంటున్నాను. ఎంత చురుగ్గా నడిచినా నాడి 100 దాటేది కాదు. కాళ్లు నడుస్తున్నాయి గానీ లోపల ఏ కదలికా లేదు. ఇంటికొచ్చి అవే మెట్ల మీద కూర్చునేదాన్ని. గోడ వైపు చూస్తూ ఉండిపోయేదాన్ని.

మార్చి వచ్చేసరికి పరుగు తర్వాతి హుషారు ఒక్కటే కాదు, ఏదీ లేకుండా పోయింది. ఉగాది పచ్చడి నాలుక మీద పెట్టుకుంటే పులుపూ చేదూ తెలిశాయి, తిన్నానన్న తృప్తి లేదు. మనవడు ఫోన్లో మాట్లాడుతుంటే ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని. ఏప్రిల్‌లో ఒక రాత్రి మా ఆయనతో అన్నాను: "ఆ పొద్దున పాల దుకాణం తెరిచి ఉండకపోతే బాగుండేదండీ." ఆయన ఏమీ అనలేదు. లేచి లైటు వేశారు. తెల్లారేదాకా ఆర్పలేదు.

తెల్లారాక ఆయన అమ్మాయికి చెప్పారు. అమ్మాయి టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి, తెలుగులో మాట్లాడేవాళ్లని అడిగి, నన్ను లైన్లోకి తీసుకుంది. ఇది మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. అవతలి ఆవిడ చాలాసేపు విన్నారు. మానసిక వైద్యుల్ని కలవమన్నారు. నేను వెళ్లనన్నాను. మన సమాజంలో ఎవరికైనా తెలిస్తే ఏమనుకుంటారని ఏడ్చాను. మా ఆయన ఒకటే మాట అన్నారు: "గుండెకి మాత్ర వేసుకుంటున్నావు కదే. దీనికీ వేసుకో."

చివరికి వెళ్లాను. మానసిక వైద్యులు డిప్రెషన్‌కి సెర్ట్రలిన్ రాశారు. గుండెపోటు వచ్చినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన డిప్రెషన్ వస్తుందని, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఈ మందు ఇచ్చి పరీక్షించి చూశారని చెప్పారు. వెంటనే పని చేయదని కూడా ముందే చెప్పారు. మొదటి రెండు వారాలు కడుపులో వికారం తప్ప మార్పేమీ లేదు. జూన్ నడిమికి తేడా తెలిసింది. ఒకరోజు పప్పులో పోపు వాసనకి ఆకలేసింది. వంటింట్లోకి వెళ్లి కంచం పెట్టుకున్నాను. మా ఆయన చూసి బయటికి వెళ్లిపోయారు. కళ్లు తుడుచుకోవడానికి వెళ్లారని నాకు తెలుసు.

ఆ నెలలోనే కార్డియాలజిస్టు గారిని అడిగాను. ఏడాది ముందు పోయిన ఆ హుషారు గురించి మొదటిసారి ఒక డాక్టరుకి చెప్పాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని విన్నారు. అమెరికాలో 2003లో అచ్చయిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. గుండెపోటు వచ్చిన 515 మంది ఆడవాళ్లని అడిగితే, వాళ్లలో దాదాపు 70 శాతం మంది అంతకు ముందు వారాల్లో మామూలుగా ఉండని అలసట వచ్చిందన్నారు. సగానికి దగ్గరగా నిద్రలేమి, నూటికి నలభై మందికి పైగా ఆయాసం చెప్పారు. నేను క్లినిక్‌లో చెప్పినవి సరిగ్గా ఆ మూడే.

వయసు సంగతి కూడా ఆయన దాచలేదు. ముప్ఫై దాటాక ఒళ్లు వాడుకోగలిగే ఆక్సిజన్ పదేళ్లకి సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. గుండె గరిష్ఠ వేగం సగటున 20 ఏళ్లకి నిమిషానికి 194 ఉంటే, 60 ఏళ్లకి 166 అవుతుంది. మెదడులో డోపమైన్‌ని అందుకునే గ్రాహకాలు కూడా తగ్గుతాయి. అందుకని అదే పరుగుకి పాతికేళ్లప్పుడు వచ్చినంత సంతోషం అరవైలో రాకపోవచ్చు. "కానీ వయసు ఏళ్ల మీద తీసుకుంటుందమ్మా. నెలల్లో తీసుకుంటే అది వయసు కాదు, వెతకాలి" అన్నారు. నా విషయంలో రక్తహీనత ఉంది. రక్తనాళం మూసుకుపోతూ ఉంది. ఆ రెండింటి మీదా వయసు అనే ముసుగు పడింది.

మిగతాది నన్ను చూసే ఫిజియోథెరపిస్టు చెప్పింది. పరుగు తర్వాతి హాయికి ఎండార్ఫిన్లే కారణమని ఎన్నాళ్ల నుంచో అంటున్నారు. అవి రక్తంలో పెరిగినా మెదడులోకి సులువుగా దాటవు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఎక్కువగా చూస్తున్నది ఒంట్లో తయారయ్యే ఆనందమైడ్ లాంటి పదార్థాల్ని. 2013లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో, నెమ్మదిగా నడిచినప్పుడు ఆనందమైడ్ పెరగలేదు. విపరీతంగా పరుగెత్తినప్పుడూ పెరగలేదు. గుండె వేగం గరిష్ఠంలో 70, 80 శాతం ఉన్నప్పుడే పెరిగింది. నేను వేసుకునే మెటోప్రోలాల్ గుండెని ఆ వేగానికి పోనివ్వదు. గూడ్సు బండికి వేగ పరిమితి పెట్టినట్టే, ఎంత లాగినా దాటదు. అది విన్నాక నాలో ఏదో లోపం ఉందన్న దిగులు తగ్గింది. అయినా ఆ మాత్ర నా గుండెని కాపాడుతోంది. డాక్టరుకి చెప్పకుండా దాన్ని హఠాత్తుగా మానేస్తే ప్రమాదం. నా అంతట నేను ఒక్క మాత్ర కూడా తగ్గించలేదు. ట్రెడ్‌మిల్ పరీక్ష చేశాక కార్డియాలజిస్టు గారే మోతాదు కొంచెం తగ్గించారు.

వేగం నాడితో చూసుకోవద్దని ఆ ఫిజియోథెరపిస్టే నేర్పింది. నడుస్తూ పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే నా హద్దు. మొదటి రోజుల్లో వీధి మలుపు దాటి వెళ్లాలంటే కాళ్లు వణికేవి. మా లైన్‌లో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు అన్నయ్యగారు జేబులో సార్బిట్రేట్ మాత్ర, ఫోనులో 108 నంబరు పెట్టుకుని నాకు రెండడుగులు వెనకగా నడిచేవారు. నేను ఆగితే ఆగేవారు. ఎందుకాగానని అడిగేవారు కాదు. వానాకాలం అంతా గొడుగు పట్టుకుని అలాగే వచ్చారు.

ఇది 2025 నాటి మాట. గుండె శక్తి 52కి వచ్చింది. హిమోగ్లోబిన్ 12 దాటింది. సెర్ట్రలిన్‌ని డాక్టరు గారే నెమ్మదిగా తగ్గించి ఆపారు. కాలనీ ఆడవాళ్లం కలిసి చురుగ్గా నడుస్తాం. మధ్యలో కొద్ది దూరం మెల్లగా పరుగెత్తుతాను. పాత హుషారు తిరిగి రాలేదు. ఇప్పుడు వచ్చేది కాసేపు స్థిమితం. కొన్ని రోజులు అదీ రాదు. పాతది ఇక రాదని ఒప్పుకోవడం స్టెంట్ వేయించుకోవడం కంటే కష్టమైంది. దాని కోసం ఏడ్చాను. ఇప్పటికీ మంగళా చౌక్ దగ్గర పాతికేళ్ల పిల్లలెవరైనా పరుగెత్తి వచ్చి నవ్వుతూ నిలబడితే నాకు కడుపులో కలుక్కుమంటుంది. దవడ లాగితే ఈరోజుకీ ఒళ్లు చల్లబడుతుంది. గుండె ఆరోగ్యానికీ, నిద్రకీ నడక కావాలి కాబట్టి హుషారు వచ్చినా రాకపోయినా వెళ్తాను.

నేను ఈరోజు ఉండడానికి కొందరు కారణం. శాలువా చుట్టిన పాల దుకాణం అబ్బాయి. అంకె చదివిన నర్సమ్మ. జడ వేసిన దీదీ. వెనక నడిచిన గార్డు అన్నయ్యగారు. ఫోన్ చేసిన నా కూతురు. లైటు ఆర్పని మా ఆయన. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా నా కథ మరోలా ఉండేది.

చదివే మీకు నాలుగు మాటలు. వ్యాయామం తర్వాత వచ్చే హాయి ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గితే వయసు కావచ్చు. నెలల్లో పోతే, దానికి తోడు నీరసం, ఆయాసం, నిద్రలేమి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అడగండి. కొత్త మాత్ర మొదలుపెట్టాక ఆ హాయి పోయిందా అని చూసుకుని, ఆ సంగతీ చెప్పండి. రెండు వారాలు దాటి దేనిలోనూ సంతోషం లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు. దవడ, మెడ, వీపు లాగి చెమట పడితే, ఛాతీలో నొప్పి లేకపోయినా సరే, 108కి చేయండి. మీ వయసు ఎంతైనా సరే, పరీక్షలన్నీ అయ్యాకే "వయసు వల్ల" అన్న మాట ఒప్పుకోండి.